పోస్ట్‌గ్రెస్‌లో భారీ విశ్లేషణ క్వెరీలు: తరచుగా అడిగే ప్రశ్నలు

లావాదేవీల కోసం పెట్టుకున్న పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీదే రిపోర్టులు, డాష్‌బోర్డులు, నెలవారీ లెక్కలు కూడా నడపాల్సి రావడం చాలా టీముల్లో ఉన్నదే. టేబుల్ కోట్ల వరుసలు దాటగానే టెన్షన్ మొదలవుతుంది, ఎవరో ఒకరు "క్లస్టర్ పెడదాం" అంటారు, అంటే పనిని చాలా మెషీన్లకు పంచుదామని. అంతవరకు వెళ్లకుండానే ఒక్క మెషీన్ మీద చేయగలిగిన పని చాలా ఉందని నా గట్టి నమ్మకం. ఆ పని ఏమిటో, అది ఎక్కడ అయిపోతుందో చెప్పడానికే ఈ జవాబులు.

పోస్ట్‌గ్రెస్ ఎంత డేటా దాకా తట్టుకుంటుంది?

మామూలుగా ఉండే 8 కేబీ పేజీతో (పోస్ట్‌గ్రెస్ డిస్క్ మీద డేటాను దాచే ముక్క) ఒక టేబుల్ 32 టీబీ దాకా పెరగొచ్చు. టేబుల్‌ను పార్టిషన్లుగా, అంటే చిన్న ముక్కలుగా, విడదీస్తే ఆ పరిమితి ఒక్కో పార్టిషన్‌కు వర్తిస్తుంది. కాబట్టి దాచుకోవడానికి చోటు చాలదన్న భయం అక్కర్లేదు. ఒక్క క్వెరీకి జవాబు చెప్పాలంటే అందులో ఎంత భాగం చదవాలి అన్నదే అసలు ప్రశ్న. 5 టీబీ డేటాబేస్‌లో నిన్నటి పార్టిషన్‌ను మాత్రమే చూసే రిపోర్టు హాయిగా నడుస్తుంది. 300 జీబీ టేబుల్‌ను ప్రతి క్లిక్‌కూ మొదటి నుంచి చివరి దాకా చదివే డాష్‌బోర్డు నడవదు.

రెండు కాలమ్‌ల మొత్తమే అడిగాను. అంతసేపు ఎందుకు పడుతోంది?

పోస్ట్‌గ్రెస్ ఒక వరుసలోని కాలమ్‌లన్నిటినీ పక్కపక్కనే, ఒకే పేజీలో పెడుతుంది. ఒక ఆర్డరును తెరిచి మార్చి మూసేయడానికి ఈ అమరిక అద్భుతంగా పనిచేస్తుంది. విశ్లేషణకు మాత్రం భారం.

లెక్క వేసి చూద్దాం. ఒక్కో వరుస 400 బైట్లు, మొత్తం 50 కోట్ల వరుసలు అనుకోండి. టేబుల్ 200 జీబీ. మీకు కావలసింది చెరో 8 బైట్లుండే రెండు కాలమ్‌లు, అంటే 8 జీబీ. అయినా డిస్క్ నుంచి 200 జీబీ రావాల్సిందే. సెకనుకు 500 ఎంబీ ఇచ్చే డిస్క్ అయితే చదవడానికే దాదాపు 7 నిమిషాలు. ఏ సెట్టింగు మార్చినా ఈ 200 జీబీ తగ్గదు. ఇండెక్సులు, పార్టిషన్లు, ముందే వేసిపెట్టుకున్న మొత్తాలు, కాలమ్‌ల వారీ నిల్వ అన్నీ ఈ అంకెను తగ్గించడానికే ఉన్నాయి.

ఇక్కడే ఒక చిన్న విషయం. ప్రతి వరుసకూ 23 బైట్ల హెడర్ ఉంటుంది, దాని మీద అమరిక కోసం వదిలే ఖాళీలు. బూలియన్ కాలమ్ వెంటనే 8 బైట్ల పూర్ణాంకం పెడితే మధ్యలో 7 బైట్లు వృథా. కొత్త టేబుల్ డిజైన్ చేసేటప్పుడు 8 బైట్ల రకాలను ముందు, తర్వాత 4 బైట్లవి, చివర్లో చిన్నవి, టెక్స్ట్ పెడితే 50 కోట్ల వరుసల మీద అది కొన్ని జీబీల తేడా. ఖర్చు లేని పని ఇది.

నెమ్మదిగా నడిచే క్వెరీలో ముందు ఏం చూడాలి?

ఊహలు పక్కనపెట్టి, క్వెరీ ఎలా నడిచిందో చూపే ఎక్స్‌ప్లెయిన్‌ను ఎనలైజ్, బఫర్స్ ఆప్షన్లతో నడపండి. నేను మూడు చోట్ల చూస్తాను. ప్లానర్ (క్వెరీని ఎలా నడపాలో తేల్చే భాగం) అంచనా వేసిన వరుసల సంఖ్యకూ నిజంగా వచ్చిన సంఖ్యకూ ఎంత దూరం ఉంది? ఎన్ని పేజీలు మెమరీలో దొరికాయి, ఎన్ని బయటినుంచి చదివారు? సార్ట్ (క్రమంలో పేర్చడం), హ్యాష్ (జాయిన్‌లకో మొత్తాలకో మెమరీలో పట్టిక కట్టడం) పనులు మెమరీ చాలక డిస్క్‌కు పొంగిపోయాయా? "ఎక్స్‌టర్నల్ మెర్జ్" అన్న మాట కనిపిస్తే పొంగిపోయినట్టే.

ఏ క్వెరీని పట్టుకోవాలో తెలియకపోతే పీజీ స్టాట్ స్టేట్‌మెంట్స్ ఎక్స్‌టెన్షన్ పెట్టి, మొత్తం సమయం ప్రకారం వరుసలో పేర్చండి. ఒక్కసారి గంట నడిచేదానికంటే రోజంతా 3 సెకన్ల చొప్పున వేలసార్లు నడిచేదే మెషీన్‌ను ఎక్కువగా తింటుంటుంది.

వర్క్ మెమ్ బాగా పెంచేస్తే సరిపోదా?

పెంచాలి, కానీ గుణకారం చేసుకుని పెంచాలి. సార్ట్, హ్యాష్ పనులకు ఇచ్చే మెమరీ పరిమితి ఇది, డిఫాల్ట్ 4 ఎంబీ. విశ్లేషణకు ఇది చాలా తక్కువ. అయితే ఈ పరిమితి క్వెరీ మొత్తానికి కాదు, అందులోని ఒక్కో సార్ట్‌కు, ఒక్కో హ్యాష్‌కు, అదీ ఒక్కో ప్రాసెస్‌లో విడిగా వర్తిస్తుంది. 256 ఎంబీ ఇచ్చారనుకోండి. క్వెరీలో అలాంటి పనులు నాలుగు, నడిపేవి ఐదు ప్రాసెస్‌లు అయితే ఒక్క క్వెరీ 5 జీబీ దాకా వాడొచ్చు. పదిమంది ఒకేసారి నడిపితే 50 జీబీ. పైగా హ్యాష్ పనులకు వేరే గుణకం ఉంది, 15వ వెర్షన్ నుంచి దాని డిఫాల్ట్ 2. మెమరీ అయిపోయి ఆపరేటింగ్ సిస్టమ్ ఒక ప్రాసెస్‌ను చంపేస్తే సర్వర్ మిగతా కనెక్షన్లన్నీ తెంచుకుని రికవరీకి వెళ్తుంది.

అందుకే సర్వర్ మొత్తానికి చిన్న విలువ ఉంచి, రిపోర్టులు నడిపే యూజర్‌కు మాత్రం ఆల్టర్ రోల్‌తో పెద్ద విలువ ఇవ్వడమే నా సలహా. చదివిన పేజీలను మెమరీలో ఉంచుకునే షేర్డ్ బఫర్స్ డిఫాల్ట్ 128 ఎంబీ. డేటాబేస్‌కే కేటాయించిన మెషీన్‌లో ర్యామ్‌లో పావు వంతుతో మొదలుపెట్టడం మామూలు పద్ధతి. ఎస్‌ఎస్‌డీ మీద ఉంటే ర్యాండమ్ పేజ్ కాస్ట్‌ను (అక్కడక్కడి పేజీని చదవడానికి ప్లానర్ వేసుకునే ఖర్చు) డిఫాల్ట్ 4 నుంచి 1.1 దగ్గరికి తీసుకురండి. ఆ 4 తిరిగే డిస్కుల రోజులది.

32 కోర్లున్నా నా క్వెరీ రెండు మూడు కోర్లే వాడుతోంది. ఎందుకు?

ఒకే క్వెరీని చాలా ప్రాసెస్‌లు పంచుకునే ప్యారలల్ క్వెరీ 2016లో 9.6 వెర్షన్‌తో వచ్చింది. డిఫాల్ట్‌లు మాత్రం ఇప్పటికీ జాగ్రత్తగానే ఉన్నాయి: ఒక గ్యాదర్‌కు (ఫలితాలను పోగుచేసే అడుగు) 2 వర్కర్లు (సహాయక ప్రాసెస్‌లు), సర్వర్ మొత్తానికి 8. పెద్ద మెషీన్ మీద ఈ రెండూ పెంచాలి. ఎన్ని వర్కర్లు ఇవ్వాలో ప్లానర్ టేబుల్ సైజును బట్టి తేలుస్తుంది. 8 ఎంబీ దగ్గర ఒక వర్కర్, ఆపైన సైజు మూడింతలైన ప్రతిసారీ ఇంకొకటి. ఆ లెక్కన 200 జీబీ టేబుల్‌కు కూడా 10 వర్కర్లే. ఇంకా కావాలంటే ఆ టేబుల్‌కే ప్యారలల్ వర్కర్స్ విలువ నేరుగా పెట్టొచ్చు.

ఇవన్నీ పెంచినా వర్కర్లు రావట్లేదంటే రెండు కారణాలు వెతకండి. మొదటిది, క్వెరీలో మీరు రాసుకున్న ఫంక్షన్ ఉండటం. సొంత ఫంక్షన్లన్నీ డిఫాల్ట్‌గా "ప్యారలల్ అన్‌సేఫ్". అలాంటిది ఒక్కటున్నా క్వెరీ మొత్తం ఒకే ప్రాసెస్‌లో నడుస్తుంది. ఫంక్షన్ నిజంగా సురక్షితమైతే ఆ మాట దాని నిర్వచనంలో రాయాలి. రెండోది, ఇన్సర్ట్ ఇన్‌టూ సెలెక్ట్ రూపం. రాసే క్వెరీలకు ప్యారలల్ ప్లాన్ దొరకదు. అదే పనిని క్రియేట్ టేబుల్ యాజ్‌తో చేస్తే లోపలి సెలెక్ట్ ప్యారలల్‌గా నడుస్తుంది. రాత్రిపూట నడిచే లెక్కల్లో ఈ ఒక్క మార్పుతో వచ్చే తేడా చిన్నది కాదు.

జిట్ ఆన్‌లో ఉంచాలా?

జిట్ అంటే క్వెరీలోని లెక్కలను అప్పటికప్పుడు మెషీన్ కోడ్‌గా కంపైల్ చేయడం. పెద్ద క్వెరీలకు ఉంచండి. 12వ వెర్షన్ నుంచి డిఫాల్ట్‌గా ఆన్‌లోనే ఉంది. పార్టిషన్లు ఎక్కువున్న టేబుల్ మీద చిన్న క్వెరీలకు కంపైల్ సమయమే అసలు పని కంటే ఎక్కువవుతున్నట్టు ప్లాన్‌లో కనిపిస్తే ఆ యూజర్‌కు ఆపేయండి.

ఇండెక్స్ ఉన్నా వాడట్లేదు. ప్లానర్ తప్పు చేస్తోందా?

చాలాసార్లు ప్లానర్‌దే రైటు. టేబుల్‌లో మూడో వంతు కావాల్సిన క్వెరీకి ఇండెక్స్ పట్టుకుని ఒక్కో వరుస దగ్గరికీ వెళ్లడం కంటే మొత్తం వరుసగా చదివేయడమే చవక.

విశ్లేషణకు ఎక్కువ ఉపయోగపడేది, తక్కువమంది వాడేది బ్రిన్ ఇండెక్స్. 9.5 నుంచి ఉంది. డిఫాల్ట్‌గా 128 పేజీల గుంపుకు, అంటే 1 ఎంబీకి, ఆ కాలమ్‌లోని కనిష్ఠ, గరిష్ఠ విలువలు మాత్రమే రాసుకుంటుంది. 200 జీబీ టేబుల్‌కు దాని సైజు కొన్ని ఎంబీలే. అదే కాలమ్ మీద మామూలు బీ-ట్రీ ఇండెక్స్ అయితే జీబీల్లో ఉంటుంది. షరతు ఒక్కటే, డిస్క్ మీద వరుసలు ఆ కాలమ్ క్రమంలోనే ఉండాలి. వచ్చినవి వచ్చినట్టు చేరే లాగులు, సెన్సర్ రీడింగులు, లావాదేవీల తేదీలకు అది సహజంగానే కుదురుతుంది. పీజీ స్టాట్స్‌లో కోరిలేషన్ (ఆ క్రమం ఎంతవరకు ఉందో చెప్పే అంకె) 1కి దగ్గరగా ఉందో లేదో చూడండి. పాత వరుసలను తరచూ అప్‌డేట్ చేసే టేబుల్‌లో ఆ క్రమం చెదిరిపోతుంది, అప్పుడు బ్రిన్ వల్ల ప్రయోజనం లేదు.

పార్టిషన్లు చేస్తే వేగం పెరుగుతుందా?

మీ క్వెరీలు పార్టిషన్ కీ మీద షరతు పెడితేనే పెరుగుతుంది. తేదీ వారీగా పార్టిషన్ చేసి కస్టమర్ నంబరుతో వెతికితే ప్రతి పార్టిషన్‌నూ తడమాల్సిందే. డిక్లరేటివ్ పార్టిషనింగ్ 2017లో 10వ వెర్షన్‌లో వచ్చింది, హ్యాష్ పద్ధతి 11లో చేరింది. వేల పార్టిషన్లను సజావుగా మోయడం 12 నుంచే అని చెప్పాలి.

ఎక్కువగా జరిగే పొరపాటు షరతు రాసే తీరులో ఉంటుంది. కీ కాలమ్‌ను ఏదైనా ఫంక్షన్‌లో చుట్టి, "ఈ తేదీలోని నెల ఇంత" అన్నట్టు రాస్తే ప్లానర్ అక్కర్లేని పార్టిషన్లను పక్కన పెట్టలేదు. కాలమ్‌ను అలాగే వదిలేసి "ఈ తేదీ నుంచి, ఆ తేదీ లోపు" అని రాయండి. అలాగే ప్రైమరీ కీలో పార్టిషన్ కీ తప్పకుండా ఉండాలన్న నియమం ఉంది. పాత అప్లికేషన్లలో పని ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే.

నిజం చెప్పాలంటే పార్టిషన్ల అసలు లాభం నిర్వహణలో ఉంది. రెండేళ్ల కిందటి నెలను డిలీట్‌తో తీసేస్తే కోట్ల చచ్చిన వరుసలు, వాటిని శుభ్రం చేసే గంటల వాక్యూమ్. పార్టిషన్‌ను డ్రాప్ చేస్తే క్షణాల్లో అయిపోతుంది. 14 నుంచి నడుస్తున్న క్వెరీలను ఆపకుండా పార్టిషన్‌ను డిటాచ్ కూడా చేయొచ్చు, అంటే టేబుల్ నుంచి విడదీయొచ్చు.

పార్టిషన్ చేసిన రెండు టేబుళ్లను అదే కీ మీద జాయిన్ చేస్తుంటే, పార్టిషన్‌వైజ్ జాయిన్, పార్టిషన్‌వైజ్ అగ్రిగేట్ సెట్టింగులు చూడండి. రెండూ డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటాయి. రిపోర్టు యూజర్‌కు ఆన్ చేసి ప్లాన్ పోల్చి చూడండి.

అంచనాలకూ నిజానికీ వంద రెట్లు తేడా ఉంది. ఎలా సరిచేయాలి?

దీని మీద ఎంత సమయం పెట్టినా వృథా కాదు. విశ్లేషణ క్వెరీలు గంటల్లోకి జారిపోవడానికి నేను మొదట అనుమానించేది తప్పుడు అంచనానే. ప్లానర్ 50 వరుసలు వస్తాయనుకుని నెస్టెడ్ లూప్ (ఒక్కో వరుసకూ రెండో టేబుల్‌లో వెతకడం) ఎంచుకుంటుంది, తీరా 50 లక్షలు వస్తాయి.

ముందు గణాంకాలు తాజాగా ఉన్నాయో లేదో చూడండి. గణాంకాలను తనంతట తానే తీసే ఆటోవాక్యూమ్ రెండింటి జోలికి పోదు: టెంపరరీ టేబుళ్లు, పార్టిషన్ టేబుల్ తాలూకు పేరెంట్. ఒక్కో పార్టిషన్‌ను ఎనలైజ్ చేస్తుంది (గణాంకాలు తీస్తుంది) కానీ పేరెంట్ స్థాయి గణాంకాలు మీరే తీయాలి. రిపోర్టు మధ్యలో టెంపరరీ టేబుల్ నింపితే ఆ వెంటనే ఎనలైజ్ అన్న ఒక్క లైను చేర్చండి.

తర్వాత శాంపిల్ సైజు. డిఫాల్ట్ టార్గెట్ 100, అంటే 30,000 వరుసలు తీసి చూస్తుంది. 50 కోట్ల వరుసల టేబుల్‌లో వేర్వేరు విలువలెన్నో ఆ శాంపిల్‌తో చెప్పడం కష్టం, తక్కువగా అంచనా వేస్తుంది. ముఖ్యమైన కాలమ్‌కు టార్గెట్ పెంచండి, లేదా ఆ కాలమ్‌కు ఎన్ డిస్టింక్ట్ (వేర్వేరు విలువల సంఖ్య) విలువను మీరే ఇవ్వండి.

మూడోది ఒకదానిమీద ఒకటి ఆధారపడ్డ కాలమ్‌లు. దేశం, కరెన్సీ రెండిటి మీదా షరతు పెడితే ప్లానర్ అవి సంబంధం లేనివనుకుని రెండు శాతాలనూ గుణించేస్తుంది. నిజానికి దేశం తెలిస్తే కరెన్సీ దాదాపు తెలిసినట్టే. 10 నుంచి ఉన్న క్రియేట్ స్టాటిస్టిక్స్‌తో ఆ సంబంధాన్ని చెప్పొచ్చు.

ఊరికే వరుసలు లెక్కపెట్టే కౌంట్ స్టార్‌కు కూడా నిమిషాలు పడుతోంది. ఇదేం పద్ధతి?

ఒక్కో లావాదేవీకి కనిపించే వరుసలు వేరుగా ఉండొచ్చు కాబట్టి ఎక్కడో రాసిపెట్టిన ఒకే సంఖ్య అందరికీ సరిపోదు. లెక్కపెట్టాల్సిందే. సుమారు సంఖ్య చాలంటే పీజీ క్లాస్ అనే సిస్టమ్ టేబుల్‌లోని రెల్ టపుల్స్ చూడండి. ఖచ్చితంగా కావాలంటే చిన్న కాలమ్ మీద ఇండెక్స్ ఉండి, ఈమధ్య వాక్యూమ్ అయి ఉంటే ఇండెక్స్ ఓన్లీ స్కాన్ (టేబుల్ దాకా పోకుండా ఇండెక్స్‌నే చదవడం) చాలా సాయం చేస్తుంది. ఎందరు వేర్వేరు యూజర్లు వచ్చారన్న ప్రశ్నకు హైపర్‌లాగ్‌లాగ్ ఎక్స్‌టెన్షన్ కొద్దిపాటి తేడాతో జవాబిస్తుంది. అంతకంటే మంచి విషయం, రోజువారీ లెక్కలను కలిపి నెల లెక్క తీయడం దానితో కుదురుతుంది. మామూలు కౌంట్ డిస్టింక్ట్‌తో అలా కలపలేం.

మెటీరియలైజ్డ్ వ్యూ వాడాలా, సొంతంగా సమ్మరీ టేబుల్ పెట్టుకోవాలా?

మెటీరియలైజ్డ్ వ్యూ అంటే క్వెరీ ఫలితాన్ని టేబుల్‌లా దాచుకోవడం. డేటా చిన్నదైతే ఆ వ్యూ చాలు. 9.3లో వచ్చింది, చదివేవాళ్లను ఆపకుండా రిఫ్రెష్ చేసే కన్‌కరెంట్లీ 9.4లో చేరింది. దానికి వ్యూ మీద యూనిక్ ఇండెక్స్ ఉండాలి. రెండు రకాల రిఫ్రెష్‌లకూ ఒకటే లోపం: ఒక్క వరుస మారినా క్వెరీ మొత్తం మళ్లీ నడుస్తుంది. మూడేళ్ల డేటా మీద గంటకోసారి అలా చేయడం దండగ. అందుకే పెద్ద టేబుళ్లకు నేను సమ్మరీ టేబుల్‌నే ఎంచుకుంటాను. రోజు వారీగా మొత్తాలు దాచి, కొత్తగా వచ్చిన రోజును మాత్రం లెక్కించి ఇన్సర్ట్ ఆన్ కాన్‌ఫ్లిక్ట్‌తో (వరుస లేకపోతే చేర్చి, ఉంటే మార్చే కమాండ్) కలపండి. ఆలస్యంగా వచ్చే వరుసల కోసం చివరి రెండు మూడు రోజులను మళ్లీ లెక్కించే ఏర్పాటు మరిచిపోవద్దు. డాష్‌బోర్డు చూసేవాళ్లలో చాలామందికి కావలసింది రోజు వారీ అంకెలే. 50 కోట్ల వరుసలు కొన్ని వేలకు కుదించుకుపోతాయి.

పెద్ద లోడ్‌లు వేగంగా చేయడం ఎలా?

ఇన్సర్ట్ బదులు వరుసలను గుంపుగా ఎక్కించే కాపీ కమాండ్ వాడండి. కొత్త నెల డేటాను విడి టేబుల్‌లోకి ఎక్కించి, తర్వాత ఇండెక్సులు కట్టి, తేదీ హద్దులకు సరిపోయే చెక్ కన్‌స్ట్రెయింట్ పెట్టి, ఆఖర్న పార్టిషన్‌గా అటాచ్ చేయండి. ఆ కన్‌స్ట్రెయింట్ ఉంటే అటాచ్ చేసేటప్పుడు టేబుల్ మొత్తం మళ్లీ తనిఖీ చేయదు. ఇండెక్సులు కట్టే మెమరీ అయిన మెయింటెనెన్స్ వర్క్ మెమ్‌ను 64 ఎంబీ నుంచి, మార్పుల లాగ్ (వాల్) పరిమితి అయిన మ్యాక్స్ వాల్ సైజ్‌ను 1 జీబీ నుంచి పెంచుకోండి.

లోడ్ అయ్యాక మొదటి సెలెక్ట్ డిస్క్ మీద రాస్తూ కనిపిస్తే కంగారు పడకండి. ఏ వరుస కమిట్ అయిందో గుర్తులు పెట్టుకుంటోంది. లోడ్ తర్వాత ఒకసారి వాక్యూమ్ ఎనలైజ్ నడిపితే ఆ భారం రిపోర్టు మీద పడదు.

రిపోర్టులను రెప్లికా మీదికి మార్చాం. మధ్యలో క్వెరీలు రద్దవుతున్నాయి.

ప్రైమరీలో (అసలు సర్వర్) వాక్యూమ్ తుడిచేసిన పాత వరుసలను రెప్లికా (దాని నకలు) మీద మీ క్వెరీ ఇంకా చదువుతుంటే ఆ రెండూ ఢీకొంటాయి. రెప్లికా డిఫాల్ట్‌గా 30 సెకన్లు ఓర్చుకుని క్వెరీని రద్దు చేస్తుంది. దారులు రెండు. ఆ ఓర్పు సమయాన్ని, అంటే మ్యాక్స్ స్టాండ్‌బై స్ట్రీమింగ్ డిలేను, పెంచితే రిపోర్టు పూర్తవుతుంది, కానీ ఆలోపు రెప్లికా వెనకబడుతుంది. రెప్లికాకు ఏ వరుసలు ఇంకా కావాలో ప్రైమరీకి చెప్పే హాట్ స్టాండ్‌బై ఫీడ్‌బ్యాక్ ఆన్ చేస్తే ఈ రకం రద్దులు ఆగుతాయి, కానీ ప్రైమరీలో చచ్చిన వరుసలు పేరుకుంటాయి. లావాదేవీలు ముఖ్యమైన చోట మొదటి దారే మంచిది, రిపోర్టులకు విడి రెప్లికా ఇచ్చేసి అది వెనకబడినా పర్లేదనుకోవాలి. స్ట్రీమింగ్ రెప్లికా మీద వేరే ఇండెక్సులు, సమ్మరీ టేబుళ్లు పెట్టుకోలేరు. అవి కావాలంటే 10వ వెర్షన్ నుంచి ఉన్న లాజికల్ రెప్లికేషన్ చూడండి.

మరి క్లస్టర్ ఎప్పుడు అవసరం?

చదవాల్సింది తగ్గించాక కూడా మిగిలిన పని ఒక మెషీన్ డిస్క్, కోర్ల వేగాన్ని దాటిపోయినప్పుడు. సైటస్ ఎక్స్‌టెన్షన్ టేబుల్‌ను షార్డులుగా (ముక్కలుగా) విడదీసి చాలా మెషీన్లకు పంచుతుంది. డిఫాల్ట్ 32 షార్డులు. దాన్ని తయారుచేసిన సంస్థను మైక్రోసాఫ్ట్ 2019లో కొనుక్కుంది. సైటస్‌లో అన్నిటికంటే బరువైన నిర్ణయం, ఏ వరుస ఏ షార్డుకు వెళ్లాలో తేల్చే డిస్ట్రిబ్యూషన్ కాలమ్. తరచూ జాయిన్ అయ్యే టేబుళ్లన్నీ ఒకే కాలమ్ మీద పంచితే జాయిన్ ఎక్కడికక్కడే జరుగుతుంది. లేకపోతే డేటా నెట్‌వర్క్ మీద అటూ ఇటూ తిరుగుతుంది, ఒక్క మెషీన్ కంటే నెమ్మది కావచ్చు. చిన్న టేబుళ్లను రిఫరెన్స్ టేబుళ్లుగా ప్రతి మెషీన్‌లోనూ ఉంచండి.

గ్రీన్‌ప్లమ్ అనే మరో డేటాబేస్ మొదటి నుంచీ విశ్లేషణ కోసమే పోస్ట్‌గ్రెస్ నుంచి పుట్టింది. 2015లో ఓపెన్ సోర్స్ అయింది, 2024లో దాని బహిరంగ రిపాజిటరీని మూసేశారు. ఆ కోడ్ ఆధారంగా అపాచీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ గొడుగు కింద క్లౌడ్‌బెర్రీ ముందుకు సాగుతోంది. ఏదైనా ఎంచుకునే ముందు లైసెన్సు, ఆ ప్రాజెక్టు వెనక ఎవరున్నారు అన్నవి తప్పక చూసుకోండి. డేటాబేస్‌తో మీ బంధం ఏళ్ల తరబడి ఉంటుంది.

కాలమ్‌ల వారీ నిల్వకు పోస్ట్‌గ్రెస్‌ను వదిలేయాలా?

వదలక్కర్లేదు. సైటస్ 10వ వెర్షన్ నుంచి కాలమ్ నిల్వ ఉంది, అయితే అందులో అప్‌డేట్, డిలీట్ కుదరవు. మారని పాత పార్టిషన్లను అలా మార్చి, తాజా నెలను మామూలుగా ఉంచొచ్చు. టైమ్‌స్కేల్‌డీబీ ఎక్స్‌టెన్షన్ కూడా పాత భాగాలను కాలమ్ రూపంలోకి కుదిస్తుంది, కానీ ఆ భాగం లైసెన్సు వేరు.

ఇంకో దారి డక్‌డీబీ అనే విశ్లేషణ డేటాబేస్. విడి సర్వర్ అక్కర్లేదు, ప్రోగ్రామ్ లోపలే నడుస్తుంది, పోస్ట్‌గ్రెస్ టేబుళ్లను నేరుగా చదవగలదు. అయితే నేరుగా చదివినప్పుడు వరుసల నిల్వ బరువు అలాగే ఉంటుందని గుర్తుంచుకోండి. పాత డేటాను కాలమ్‌ల వారీగా దాచే పార్కే ఫైళ్లుగా తీసి వాటి మీద నడిపినప్పుడే దాని అసలు వేగం కనిపిస్తుంది. ఎందరో ఒకేసారి వాడే, సెకన్లలోపు జవాబు కావాల్సిన డాష్‌బోర్డులైతే క్లిక్‌హౌస్ లాంటి విడి ఇంజిన్ మంచిది. కానీ అప్పుడు రెండు చోట్లా డేటా ఒకేలా ఉంచే బాధ్యత మీ మీద పడుతుంది. దాన్ని మోసే మనిషి టీములో ఉన్నారా అన్నది ముందే తేల్చుకోండి.

వెర్షన్ మారిస్తే నిజంగా తేడా ఉంటుందా?

విశ్లేషణకు ఉంటుంది. 13లో ఇంక్రిమెంటల్ సార్ట్ (కొంత క్రమంలో ఉన్నదాన్ని మిగతా వరకే పేర్చడం) వచ్చింది, బీ-ట్రీలో ఒకేలా ఉన్న విలువలను కుదించడం వచ్చింది. 15లో సార్ట్ వేగం పెరిగింది. 17లో వాక్యూమ్ వాడే మెమరీ బాగా తగ్గింది. 2025లో వచ్చిన 18లో అసింక్రనస్ ఐఓ (ఒక పేజీ వచ్చేదాకా ఆగకుండా తర్వాతివి కూడా అడగడం) చేరింది, పెద్ద టేబుళ్లను వరుసగా చదివే పనికి అది నేరుగా ఉపయోగం. ఒక్క జాగ్రత్త: 18 కంటే ముందు వెర్షన్లకు పీజీ అప్‌గ్రేడ్ టూల్‌తో మారితే ప్లానర్ గణాంకాలు వెంట రావు. అప్‌గ్రేడ్ అయిన వెంటనే, యూజర్లను లోపలికి వదలకముందే, ఎనలైజ్ నడపండి.